ఊపిరియు, ఉపాధియు

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు తరచుగా బడి మానుచుండెను. వచ్చిన దినములలోను దగ్గుచేత పాఠము వినలేకుండెను. తండ్రిని పిలిపించితిమి. ఆతడు ఊరి చివరనున్న యొక కార్ఖానాలో గుత్తదారుని క్రింద దినకూలి. కాపురము ఆ కార్ఖానా గోడప్రక్కనే. "పిల్లవాని దగ్గునకు ఆ పొగయే కారణమని తోచుచున్నది. మీ పేటవారందరు కలిసి అధికారులకు అర్జీ పెట్టుకొనరాదా?" అని మేమడిగితిమి. ఆతడు కొంతసేపు నేలచూపులు చూచి, "ఆ గొట్టంలో పొగ ఆగిన్నాడు మా పొయ్యిలో పొగ ఆగిపోద్ది మాస్టారూ. ఉన్న పనే రేపు ఉంటదో ఉండదో తెలీదు. అర్జీలో పేరుంటే అసలే ఉండదు" అని చెప్పి వెడలిపోయెను.

ఆ మాటకు మాకు వెంటనే ప్రత్యుత్తరము దొరకలేదు. ఆలోచింపగా, ఆతడు రెండు వ్యాధికారణములను ఒక్క వాక్యములో ముడివేసి చెప్పినట్లు తోచినది. పొగ యొకటి, రేపటి భయము రెండవది. ఒకదానిని తొలగింపబోయినచో రెండవది మీదపడునని ఆతని దిగులు. ఇది క్రొత్త ప్రశ్న కాదు. నూట ఎనుబది యేండ్లకు పూర్వము బ్రిటను దేశమున ఇరువురు విద్వాంసులు దీనిని గూర్చియే వాదించుకొనిరి. జనుల రోగమునకు మూలము పరిసరముల మాలిన్యమా, లేక బ్రతుకుదెరువు లేమియా యనునది ఆ వివాదము. దాని చరిత్రమును మన గృహస్థులు తెలిసికొనుట మేలని తలంచి ఇచ్చట సంగ్రహించుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరము నూలు మిల్లులతో లోకమునకు ఆశ్చర్యము గొల్పునట్లు పెరిగెను. 1801 మొదలు 1851 వరకు గల అర్ధశతాబ్దిలో అచ్చటి జనసంఖ్య సుమారు నాలుగింతలయ్యెను. ఇండ్లు మాత్రము ఆ లెక్కను పెరుగలేదు. గాలి దూరుటకు వెనుకవైపున సందులేకుండ వెన్నుకు వెన్ను చేర్చి కట్టిన గదులలోను, భూమిలోపలి మాళిగలలోను కూలివారు కాపురముండిరి. ఇర్క్ అను చిన్న యేరు తోళ్ల కార్ఖానాలును, ఎముకలు పొడిచేయు మరలును, గ్యాసు కార్ఖానాలును విడిచిన కల్మషమును మోసికొని వారి యిండ్ల నడుమనుండి పారుచుండెను. 1845లో ఫ్రెడరిక్ ఎంగెల్సు ప్రకటించిన గ్రంథమున ఈ వాడల వర్ణన విస్తారముగా నున్నది. ధనికులు పొగకు దూరముగా గాలి వీచు మెరకలమీద తోటలలో ఇండ్లు కట్టుకొనిరనియు, వారు నగరమునకు వచ్చిపోవు బాటల కిరువైపుల అంగళ్లు వరుసలు తీరియుండుటచే వెనుకనున్న పేదవాడలు వారి కంట పడకుండెననియు ఆయన వ్రాసెను. పొగ పుట్టించిన లాభము ఒకచోటికిని, పొగ వేరొకచోటికిని పోవుట ఆనాడే స్థిరపడినది.

ఈ దుఃస్థితిని లెక్కలలో పెట్టి ప్రభుత్వము ముందుంచిన వాడు ఎడ్విన్ చాడ్విక్. శ్రామికజనుల ఆరోగ్యస్థితిని గూర్చి 1842లో ఆయన ప్రకటించిన నివేదికలో ఒక పట్టిక కలదు. మాంచెస్టరులో మరణించినవారి సగటు వయస్సు ఉన్నతవర్గములవారికి 38, వర్తకులకు 20, కూలివారికి 17 సంవత్సరములు. రట్లండు అను పల్లెసీమలో అవే వర్గములకు క్రమముగా 52, 41, 38 సంవత్సరములు. ఈ లెక్కను మనము తప్పుగా చదువరాదు. మాంచెస్టరు కూలివారందరు పదునేడవ యేట చనిపోయిరని దీని యర్థము కాదు. పాలు మరువని శిశువులు గుంపులుగుంపులుగా చనిపోవుటచే సగటు అంత క్రిందికి దిగినది. పసిపిల్లలు ఎక్కువగానున్న ఊరిలో ఈ సగటు కొంత తగ్గియే కనిపించునను దోషమును దీనియందు కలదు. అయినను రెండు సంగతులు స్పష్టము. పట్టికను అడ్డముగా చదివినచో చోటు మారగానే కూలివాని సగటు 17 నుండి 38కి పెరిగినది. నిలువుగా చదివినచో ఒక్క నగరములోనే దొరకును కూలివానికిని నడుమ ఇరువది యొక్క సంవత్సరముల వ్యత్యాసము కలదు. చోటును చంపుచున్నది, స్థితియు చంపుచున్నది. పట్టిక చెప్పినది ఈ రెండును.

చాడ్విక్ అడ్డువరుసను గట్టిగా చదివి నిలువువరుసను మెల్లగా చదివెను. కుళ్లిన పదార్థములనుండి లేచు దుర్వాయువే జ్వరములకు హేతువని ఆయన నమ్మెను. కాలువలు కట్టి, నీరు తెచ్చి, మలినమును ఊరిబయటికి పంపినచో రోగములు పోవుననియు, రోగములు పోయినచో దారిద్ర్యమును తగ్గుననియు ఆయన సిద్ధాంతము. ఇందొక చిక్కు కలదు. 1834లో పేదల సహాయమును కఠినము చేసిన చట్టమును రూపొందించినవారిలో ఆయనయే ముఖ్యుడు. ఆ చట్టమును నడపు సంఘమునకు కార్యదర్శియు ఆయనయే. పనిలేకపోవుటయే జ్వరమునకు కారణమని తేలినచో ఆయన చట్టమే దోషిగా నిలువవలసి వచ్చును. ఆయన మనస్సులో నేమున్నదో మనము తరచి చూడనక్కరలేదు. ఆయన కూర్చున్న కుర్చీని చూచిన చాలును.

ఈ సంగతి అంతకు కొంచెము ముందే బయటపడినది. జననమరణముల లెక్కలు వ్రాయు కార్యాలయమున విలియం ఫార్ అను వైద్యుడు 1837 ఉత్తరార్ధపు మరణములను వర్గీకరించుచు, 63 మరణములను ఆకలి కారణముగా చూపెను. చాడ్విక్ దీనిని తీవ్రముగా ఆక్షేపించెను. ఆకలి తన పేరుతో చంపుట అరుదనియు, అది తరచుగా ఏదో యొక రోగము పేరు పెట్టుకొని చంపుననియు ఫార్ వాదము. మరణపత్రముమీద వ్రాయదగిన కారణమేది యను తగవు, పరిపాలకులు జవాబు చెప్పవలసిన కారణమేది యను తగవుగా ఎట్లు మారునో ఇందువలన తెలియగలదు.

చాడ్విక్‌కు ఎదురు నిలిచిన విద్వాంసుడు ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్ర ఆచార్యుడైన విలియం పుల్టెనీ ఆలిసన్. ఈయన పుస్తకములతో తృప్తిపడక చిరకాలము పేదల ధర్మవైద్యశాలలో పనిచేసినవాడు. 1840లో ప్రకటించిన గ్రంథమున ఆయన చెప్పిన మాట సూటియైనది. ఒకే దుర్గంధము ఏండ్లతరబడి ఉన్న వీథులలో జ్వరము ఏల కొన్ని సంవత్సరములలో మాత్రమే చెలరేగుచున్నది? కంపు ఎప్పుడును ఉన్నదే. మారినది పని. వ్యాపారము పడిపోయి కూలి దొరకని కాలముల వెనువెంటనే జ్వరము వచ్చుచున్నదని ఆయన చూపెను. పని పోయినవాడు మొదట దుప్పటి తాకట్టు పెట్టును, తరువాత పైబట్ట తాకట్టు పెట్టును. అద్దె పంచుకొనుటకు రెండు కుటుంబములు ఒక గదిలో చేరును. తిండి తగ్గును, దిగులు పెరుగును. అట్టి దేహముమీద, అట్టి గదిలో జ్వరము సులభముగా పాకును. ఆరోగ్యవంతుడైన నిరుద్యోగికి సహాయము పొందు హక్కు ఆనాటి స్కాట్లండు చట్టమున లేదు. దానినే మార్చవలెనని ఆలిసన్ పట్టు. 1845లో అచ్చట క్రొత్త చట్టము వచ్చినను ఈ హక్కు మాత్రము రాలేదు.

గెలుపు చాడ్విక్‌కు దక్కెను. 1848లో ప్రజారోగ్య చట్టము వెలసెను. కాలువ కనిపించును, గొట్టము లెక్కకు వచ్చును, పని పూర్తియైన దినమున ప్రారంభోత్సవము చేయవచ్చును. రేపటి కూలికి భరోసా యనునది అట్టిది కాదు. అది యజమానిని, పన్నులను, పరిపాలనను తాకును. కనుక ప్రజారోగ్యమనగా నీరు, మురుగు, చెత్త యనియే లోకము అర్థము చేసికొనినది. కూలి, ఉద్యోగము, భయము అను మాటలు ఆ శాస్త్రమునుండి చిరకాలము తొలగిపోయినవి.

తరువాతి శాస్త్రము ఈ తగవునకు ఇచ్చిన తీర్పు విచిత్రమైనది. విషూచియు, టైఫాయిడును మలినజలము వలన వచ్చునవి. వీనికి మూలము గాలిలోని కంపు అనుట తప్పు. కాని మంచినీటి గొట్టమును మురుగు కాలువయు వీనికి నిజముగా మందులే. టైఫసు జ్వరము వేరు. అది పేల మూలమున వ్యాపించునని 1909లో షార్ల్ నికోల్ కనుగొనెను. మార్చుకొనుటకు బట్ట లేక, ఉతుకుటకు వేడినీరు లేక, చలికి ఒకరి నొకరు ఒరసికొని పండుకొనుచోట పేలు పెరుగును. అనగా తాకట్టు దుకాణమునుండి జ్వరమునకు ఆలిసన్ చూపిన దారి సరియైనదే. ఒకరి మందు సరియైనది, నిదానము తప్పు. రెండవవారి నిదానము చాలవరకు సరియైనది, మందు ఇచ్చు చేతులు లేవు.

ఈ వాదమునకు పెద్ద పరీక్ష 1861లో ఎదురయ్యెను. అమెరికాలో అంతర్యుద్ధము మొదలై దక్షిణరాష్ట్రముల పత్తి ఆగిపోవుటచే లంకషైరు మిల్లులు వరుసగా మూతపడెను. 1862 చలికాలము నాటికి సుమారు 5 లక్షల మంది ధర్మసహాయముమీద బ్రతుకవలసి వచ్చెను. ఈ కథలో మనకును పాత్ర కలదు. అంతకు పూర్వము ఆ మిల్లుల చవుక బట్ట దిగుమతియై మన సముద్రతీరపు నేతగాండ్ర మగ్గములను మూలబెట్టినది. ఇప్పుడు ఆ మిల్లులు ఆకలిగొని హిందూదేశపు పత్తికై చేతులు చాచినవి. కృష్ణా, గుంటూరు సీమల పత్తి కొకనాడ యను పేరుతో విదేశపు అంగళ్లకెక్కినదియు ఆ శతాబ్దిలోనే. లంకషైరు కూలివాని ఆకలికి పట్టికలు వేసిన వైద్యులున్నారు. మగ్గము పోయిన మన నేతగానికి అట్టివారు అరుదు.

మిల్లుల పొగ ఆగెను. ఆరోగ్యము బాగుపడెనా? ప్రభుత్వము పంపిన ఎడ్వర్డ్ స్మిత్ అను వైద్యుడు ఒక వింత గమనించెను. తల్లులు మిల్లుకు పోక ఇంటనుండుటచే శిశువులకు నల్లమందు కలిసిన ద్రవము పోసి నిద్రపుచ్చుట మాని, చనుబాలిచ్చుటకు వారికి తీరిక కలిగెను. మరియొక ప్రక్క తిండి క్షీణించి, చాలకాలము అణగియున్న టైఫసు ప్రెస్టను, మాంచెస్టరు నగరములలో మరల తలయెత్తెను. ఉపాధి చేసిన హాని కొంత పోయి, ఉపాధి పోవుటవలని హాని వచ్చినదన్నమాట. పొగ ఆగినంతమాత్రమున మేలు కలుగదనియు, పని యెట్టిదైనను ఉన్న చాలుననుటయు సరికాదనియు ఈ ఒక్క దృష్టాంతమే చెప్పుచున్నది.

1863లో పార్లమెంటు చేసిన యొక చట్టమును ఇచ్చట ప్రత్యేకముగా స్మరింపవలెను. పనిలేని మిల్లు కూలివారికి పని కల్పించుటకై ఆ పట్టణములకు ప్రభుత్వము అప్పులిచ్చెను. రాబర్ట్ రాలిన్సన్ అను ఇంజనీరు పర్యవేక్షణమున వారిచే మురుగుకాలువలు త్రవ్వించి, వీథులకు రాళ్లు పరపించి, తోటలు వేయించిరి. దారము పట్టిన చేతులకు గడ్డపార బరువే. అందరకు పని దొరకలేదు కూడ. అయినను చాడ్విక్ కోరిన కాలువ, ఆలిసన్ కోరిన కూలి, రెండును ఒకే గుంటలో కలిసినవి. ఇరువురి వాదమునకు సమాధానము కాగితముమీద గాక నేలమీద కనిపించినది.

ఇరువదవ శతాబ్దిలో ఈ విచారణ మరింత సూక్ష్మమయ్యెను. ఆస్ట్రియాలో వియన్నాకు సమీపమున మారియెంటాల్ అను గ్రామము కలదు. ఊరంతయు ఒక్క వస్త్రపు మిల్లుమీద బ్రతికినది. 1929 సంక్షోభములో మిల్లు మూతపడెను. మారీ యాహోదా, పాల్ లాజార్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అను పరిశోధకులు అచ్చటి 478 కుటుంబములను పరిశీలించి 1933లో ఫలితములను ప్రకటించిరి. చేతినిండ తీరిక కలిగినచో జనులు మిక్కిలి చదువుదురని మన మనుకొందుము. అచ్చట గ్రంథాలయపు రుసుము తీసివేసినను, ఎరువు తీసికొను పుస్తకముల సంఖ్య రెండేండ్లలో సుమారు సగమునకు పడిపోయినది. పురుషుల నడకయే మందగించినది. పని పోవుటతో జీతము మాత్రమే గాక దినమునకుండు ఆకారమును, మనుష్యునకుండు ఉత్సాహమును పోవునని గ్రంథాలయములయందు భక్తిగల మనవారు గ్రహింపదగును.

పని పోవుట యటుండగా, పోవునేమో యను భయము సంగతి యేమి? లండనులో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యమును గూర్చి 1985లో ఆరంభమైన పరిశోధనమొకటి కలదు. 10,308 మందిని ఏండ్లతరబడి పరిశీలించిరి. వారిలో కొందరు పనిచేయు శాఖను ప్రైవేటు వారికి అప్పగింపనున్నారని తెలియవచ్చినది. ఆ శాఖవారి ఆరోగ్యము ఉద్యోగములు పోకముందే, వార్త వినిన కాలమునందే దిగజారినదని 1995లో వెల్లడియైనది. కారణము దుర్గ్రాహ్యము కాదు. ఆపద వచ్చినపుడు దేహము నాడిని, రక్తపుపోటును హెచ్చించి పరుగునకో పోరునకో సిద్ధపడును. ఆపద పోగానే శాంతించును. రేపేమగునో యను ఆపద మాత్రము పోదు. దేహము నెలల తరబడి సిద్ధముగనే యుండి తన్ను తాను అరుగదీసికొనును. నిద్ర చెడును, పొగాకు, సారాయి దగ్గరయగును.

పొగ సంగతియు ఇట్లే తేటపడినది. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండనుమీద బొగ్గుపొగ మంచుతో కలిసి కదలక నిలిచెను. ఆనాటి లెక్క ప్రకారము సుమారు 4,000 మందియు, తరువాతి పరిశోధకుల లెక్క ప్రకారము సుమారు 12,000 మందియు అధికముగా మరణించిరి. 1993లో అమెరికాలో ఆరు పట్టణములకు చెందిన 8,111 మందిని గూర్చి ప్రకటింపబడిన పరిశోధనమున, మిక్కిలి మలినమైన పట్టణమున మరణముల వేగము మిక్కిలి నిర్మలమైన పట్టణముకంటె 26 శాతము హెచ్చని తేలెను. కంటికి కనబడని సన్నని ధూళికణములు ఊపిరితిత్తులతో ఆగక గుండెకును హాని చేయుచున్నవి.

ఈ రెండు కారణములు వేర్వేరు మనుష్యులను పట్టుకొనినచో బాధ కొంత తక్కువ. పట్టుకొనునది ఒక్కనినే. స్థిరమైన జీతము లేనివాడు అద్దె తక్కువైన చోట దిగును. అద్దె తక్కువైన చోటు గొట్టము నీడ. దగ్గు వచ్చినచో సెలవు పెట్టలేడు. పెట్టినచో ఆ దినపు కూలి పోవును, ఒక్కొక్కప్పుడు పనియే పోవును. వైద్యునికడకు ఆలస్యముగా పోవును. మా బాలుని తండ్రివలె అర్జీ పెట్టలేడు. కావున పొగను ఆపవలసిన నోటిని భయము మూసివేయుచున్నది. పనిలో నిలకడలేమి తానొక రోగకారణమగుటయే గాక మాలిన్యమునకు కావలికాయుచున్నది. చాడ్విక్, ఆలిసన్ ఇరువురును పూర్తిగా చూడని ముడి ఇదియే.

ఈ ముడిని తెలియక విప్పబోయినచో ఏమగునో మన దేశమే చూచినది. 1996లో సుప్రీంకోర్టు ఢిల్లీ నగరములోని 168 ప్రమాదకర కార్ఖానాలను మూసివేయవలెనని ఆజ్ఞాపించెను. నగరపు గాలికి ఆ తీర్పు అవసరమే. కార్మికులకు పరిహారము విధింపబడినను అది చాలమందికి చేరలేదని కార్మికపక్షమువారు మొరపెట్టిరి. గాలి బాగును కోరినవారును, కూలి పోయినవారును ఒకరినొకరు శత్రువులుగా చూచుకొనవలసి వచ్చెను. పరిశ్రమను ముట్టరాదని ఊరకుండుటయు ప్రాణాంతకమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణములో రసాయన కార్ఖానానుండి వెలువడిన స్టైరీను ఆవిరి, గోడకానుకొని నిద్రించుచున్న పల్లెలో పదిమందికి పైగా ప్రాణములు తీసెను.

ఈ రెండింటి నడుమ దారి లేకపోలేదు. లండను మృత్యువుల తరువాత 1956లో వచ్చిన స్వచ్ఛవాయు చట్టము పొయ్యిలను ఆర్పలేదు. పొగరాని ఇంధనమును వాడవలెనని శాసించి, పొయ్యిలు మార్చుకొను గృహస్థులకు వ్యయములో అధికభాగము ప్రజాధనమునుండి ఇచ్చెను. పొయ్యి ఆగకయే పొగ తగ్గెను. మా విద్యార్థి తండ్రికి ఆనాడు మేము చెప్పవలసిన జవాబు ఇదియే. పొగను ఆపు ఉత్తరువులోనే ఆ మార్పునకగు వ్యయమెవరిదో, ఆ నెలల కూలి యెవరిచ్చెదరో వ్రాయబడవలెను. అర్జీదారుని పేరు గుప్తముగా నుంచవలెను. ఇవి లేని శాసనము పేదవానికి రెండవ రోగమగును.

ప్రభుత్వమునకు చెప్పి మనము చేతులు కడుగుకొనరాదు. మన యింట అంట్లుతోము ఆమెకు జ్వరము వచ్చి నాలుగు దినములు రానిచో జీతము కోయుదుమా, లేదా? అంతకంటె హెచ్చు దినములైనచో మరియొకరిని పెట్టుకొందుమా, లేదా? మన వీథిచెత్త తగులబెట్టబడు స్థలము ఎవరి గుడిసెల ప్రక్కనున్నదో విచారించితిమా? గుత్తదారుని నిందించుట సులభము. మన గడపలోపలి గుత్తదారునిగూడ గుర్తింపవలెను.

1700 సంవత్సరమున ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దీనో రామజ్జీని వృత్తిరోగములను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. పూర్వవైద్యులు రోగిని అడుగుడని చెప్పిన ప్రశ్నలకు "నీ వృత్తి యేమి?" యను ప్రశ్న యొకటి చేర్పుమని ఆయన వైద్యులకు బోధించెను. మూడు శతాబ్దుల అనుభవము మరి రెండు ప్రశ్నలను చేర్చుచున్నది. ఆ పని రేపును ఉండునా? నీ యింటికి గాలి ఏ వైపునుండి వచ్చును? ఉపాధ్యాయులమైన మేమును దగ్గుచున్న పిల్లవానిని చూచినపుడు ఈ రెండును అడుగవలసియున్నది.

ఈ సంవత్సరము బడి తెరచినపుడు ఆ బాలుడు రాలేదు. కార్ఖానాలో గుత్తదారు మారెనట. క్రొత్తవాడు తన మనుష్యులను తెచ్చుకొనెనట. సంసారము పని వెదకికొనుచు వేరొక ఊరికి తరలిపోయినది. ఆ గోడప్రక్క యింట ఇప్పుడు మరియొక కుటుంబము కాపురమున్నది. వారి పిల్ల మా బడిలో ఆరవ తరగతి చదువుచున్నది.